కార్డులో ఉన్నదే రాయి

నవంబర్ 11, సోమవారం. కరీంనగర్

ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫిబ్రవరిలో సన్మానం, నలభై నిమిషాల ఉపన్యాసం, పోనురాను విమానం. గుండె జబ్బుల మీద పన్నెండేళ్ల పనికి గుర్తింపట. గుర్తింపు అన్న మాట ఉత్తరంలో మూడుసార్లు ఉంది. ఉత్తరాన్ని నేను అయిదుసార్లు చదివాను. అవ్వకు చదివి వినిపిస్తే "ఢిల్లీల సలి శానా ఉంటదట, స్వెట్టర్ వెట్టుకో" అన్నది. అవ్వ అంటే మా అమ్మ, చంద్రవ్వ. ఆమెకు లోకంలో ఏ సంగతైనా చివరికి స్వెట్టర్ దగ్గరికే వస్తుంది. పోయిన చలికాలం తానే అల్లిన ఎర్ర స్వెట్టర్ తీసి నా మంచం మీద పెట్టేసింది కూడా.

ఆ సంతోషం సాయంత్రం దాకా నిలవలేదు. భవ్యశ్రీ చేతిలో ఒక చార్టుతో వచ్చింది. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. తెలివైనది. ఆ తెలివిని ఎప్పుడు బయటపెట్టాలో మాత్రం తెలియదు.

"మేడం, మన జైనూర్ డేటాల ఆరువందల పన్నెండు మంది ఉన్నరు గదా. అండ్ల అయిదువందల డెబ్బై ఒక్క మంది జనవరి ఒకటో తారీఖే పుట్టిండ్రు."

"పుట్టినరోజు తెలియనివాళ్లకు గుర్తింపు కార్డుల్లో అలాగే రాస్తారు. మనకు కావలసింది సంవత్సరం" అన్నాను.

"సంవత్సరం గూడ చూడుండ్రి మేడం. కార్డు చేసిన నాటికి లెక్కేస్తే అందరికీ యాభై అయిదు, అరవై, అరవై అయిదు, డెబ్బై. అరవై రెండేండ్లోళ్లు, అరవై ఏడేండ్లోళ్లు ఒక్కరు గూడ లేరు."

టేబుల్ మీద పెట్టి వెళ్లమన్నాను.

నవంబర్ 12

చార్టు చూడలేదు. పని ఎక్కువ.

నవంబర్ 13

ఉపన్యాసం మొదటి పేజీ రాశాను. ఇలా ఉంది:

"మా బాపు సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచ అంటారు. నేను పదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం నడుస్తున్న సాంచ మీదే ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. అప్పటికి బాపుకు నలభై మూడేళ్లు. నలభై మూడేళ్ల మనిషి గుండె అంత తొందరగా ఎందుకు ముసలిదైంది? నేను బతుకంతా అడిగింది ఈ ఒక్క ప్రశ్నే. ఈసీజీ, ఎకో, రక్తనాళాల బిరుసు, ఈ మూడూ కొలిచి మనిషి గుండె వయసు చెప్పే పద్ధతి ఒకటి తయారు చేసుకున్నాం. సిరిసిల్ల కార్మికుల గుండె వాళ్ల వయసు కంటే ఎనిమిదేళ్లు ముసలిదని తేలింది. తర్వాత జైనూర్ గుట్టల మీది పద్నాలుగు ఊళ్లలో కొలిచాం. వాళ్ల గుండె వాళ్ల వయసు కంటే పదేళ్లు పడుచుది."

ఇక్కడ ఆగాలి. ఇక్కడే చప్పట్లు పడతాయి. ఎప్పుడూ ఇక్కడే పడతాయి.

నవంబర్ 15

చార్టు చూశాను. నిజమే, వయసులన్నీ అయిదుల్లో పదుల్లో గుంపుగా ఉన్నాయి. అయితే ఏమిటి? కొందరికి ఎక్కువ వేసి ఉంటారు, కొందరికి తక్కువ వేసి ఉంటారు. ఆరువందల మందిలో అటూ ఇటూ కలిసి సగటులో సర్దుకుపోతుంది. ఇది మెడిసిన్ పిల్లలకు నేను చెప్పే పాఠం. భవ్యశ్రీకి కూడా అదే చెప్పాను. తల ఊపింది. ఒప్పుకోనప్పుడు ఆ పిల్ల అలాగే ఊపుతుంది.

నవంబర్ 17, ఆదివారం

అవ్వ తలకు నూనె రాస్తుంటే రిటైర్మెంట్ ఎప్పుడని అడిగింది. ఇంకా రెండేళ్లన్నాను. అవ్వ ఒకటే నవ్వు.

"నీకు అరవై నిండినయి గద. మానేరు పొంగి మన వాడకట్టు దాక నీళ్లొచ్చిన ఏడు పుట్టినవ్. బడిల ఏస్తందుకు తోల్కపోతే సారు ఏమన్నడు? ముందుముందు నౌకరికి పనికొస్తది, రెండేండ్లు తక్కువ రాస్త అన్నడు. నేను రాయమన్న. పనికచ్చిందా లేదా?"

పనికొచ్చింది. సర్టిఫికెట్‌లో జూన్ ఒకటి, 1966. అసలు పుట్టింది 1964 వానాకాలం. మా క్లాసులో అందరూ జూన్‌లోనే పుట్టారు. దీని మీద మేము చేసిన పరాచికాలకు లెక్కలేదు.

దానికీ దీనికీ సంబంధం లేదు.

నవంబర్ 20

రహీమ్ మంచిర్యాల నుంచి ఈసీజీ పరికరం బాగు చేయించుకొని వచ్చాడు. పన్నెండేళ్లుగా గుట్టల మీది ఊళ్లన్నీ నాతో తిరిగిన టెక్నీషియన్. ఆ ఊళ్లలో నా పేరు కంటే అతని పేరే ఎక్కువమందికి తెలుసు. మాటల్లో మాటగా అడిగాను, "రహీమ్, ఆ కార్డులు ఎవరు చేశారో తెలుసా?" అని.

చేతిలో ఉన్న వైరు చుట్టడం ఆపేశాడు.

"నేనే మేడం."

అర్థం కాలేదన్నాను.

"మీ దగ్గరికి రాకముందు ఏడాది కార్డుల క్యాంపుల ఆపరేటర్‌గ చేసిన. జైనూర్ దిక్కు ఊళ్లన్ని నావే. కంప్యూటర్‌ల వయసు ఏస్తే గని ముందటికి పోదు. ఎన్నేండ్లవ్వా అంటే, నాకేమెర్క, నువ్వే సూసి రాయి బిడ్డా అంటుండిరి. ఒక్క దినానికి ఎనభై మంది. మొఖం చూసి ఏసిన. జుట్టు సగం తెల్లగైతే అరవై. పండ్లు ఊడితే అరవై అయిదు. నడుము వంగితే డెబ్బై. ఎండల పనిచేసే మొఖాలు మేడం, అందరు ముసలోళ్ల లెక్కనే కొట్టిండ్రు నాకు. నాకు అప్పుడు ఇరవై రెండేండ్లు."

కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ అనుకున్నాను. అందరికీ ఎక్కువే.

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?" గట్టిగానే అరిచాను.

రహీమ్ నా మొహం కూడా చూడలేదు. "చెప్పిన గద మేడం" అన్నాడు.

అబద్ధం. ఇంత పెద్ద సంగతి చెబితే నాకు గుర్తుండదా?

నవంబర్ 21

రహీమ్ చెప్పలేదు.

నవంబర్ 22

మళ్లీ ఆలోచించాను. చెప్పలేదు.

నవంబర్ 26

భవ్యశ్రీ అడగకుండానే మొత్తం మళ్లీ లెక్కేసింది. మా ఫారం చివరి పేజీలో కుటుంబం వివరాలుంటాయి. పెద్దబిడ్డకు ఎన్నేళ్లు, ఏ క్లాసు, అన్నీ. పన్నెండేళ్లలో ఆ పేజీని ఎవరమూ వాడలేదు. బడికి పోయిన పిల్లల వయసు పట్టుకొని తల్లిదండ్రుల వయసు అంచనా కట్టింది. కార్డు వయసు సగటున పదేళ్లు ఎక్కువట. పదేళ్లు తీసేస్తే నా పడుచు గుండెలు ఏమవుతాయో చెప్పడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. మామూలు గుండెలు. అందరికీ ఉండేవే.

అంతటితో అయిపోతే బాగుండును.

"మేడం, ఎనభై ఎనిమిది మంది గుండె వాళ్ల అసలు వయసు కంటె శానా ముసలిగున్నది. మనం వాళ్లకు మంచిగున్నదని చెప్పి పంపినం. గిది మొదటి పేజీ."

మొదటి పేరు లస్మవ్వ.

మా రిపోర్టు అట్ట మీద నవ్వుతున్న ముసలామె లస్మవ్వే. 2012లో కార్డు ప్రకారం అరవై ఒకటి, గుండె వయసు యాభై మూడు. "అవ్వా, నీ గుండె నీకంటే ఎనిమిదేళ్లు పడుచుది" అని నేనే చెప్పాను. ఊరంతా ఆమెను పడుచు గుండె లస్మవ్వ అని ఆటపట్టించింది. 2019లో మళ్లీ పోయినప్పుడు "గుట్ట ఎక్కుతుంటె దమ్మొస్తుంది బిడ్డా" అన్నది. డెబ్బైకి దగ్గరపడ్డావు, ఆ మాత్రం ఆయాసం ఉండదా అన్నాను. నవ్వాను కూడా. ఆమె కూడా నవ్వింది.

రెండో పేజీ చదవబోతుంటే భవ్యశ్రీని వద్దన్నాను. తర్వాత చూస్తానన్నాను.

నవంబర్ 29

వారమంతా ఒకటే ఆలోచన. జైనూర్ గుండెల మీద నేను అచ్చువేసిన వ్యాసం తప్పని చెబితే పత్రికలకెక్కుతుంది. కార్డుల్లో వయసులు తప్పని బయటపడితే ఆ ఊళ్లలో ముసలివాళ్ల పింఛన్లకు ఎవరైనా కత్తెర పెట్టొచ్చు. నా ఒక్కదాని నిజాయితీ కోసం పేదవాళ్ల కంచంలో మట్టి కొట్టాలా? వాళ్ల కోసమైనా నేను నోరు మూసుకోవాలి.

ఈ మాట భవ్యశ్రీతో అన్నాను. "వ్యాసంల ఎవ్వరి పేరు లేదు గద మేడం. ఊరి పేరు గూడ లేదు" అన్నది.

అవును. లేదు.

డిసెంబర్ 1, ఆదివారం

పాత డైరీలు బీరువా పై అరలో ఉంటాయి. రహీమ్ అబద్ధం చెబుతున్నాడని రుజువు చేయడానికే స్టూల్ ఎక్కాను. 2012 డైరీ. జైనూర్ మొదటి వారం. నా దస్తూరీ అప్పుడు ఇప్పటికంటే బాగుండేది.

"ఫిబ్రవరి 9. ఎండ అప్పుడే ముదిరింది. నలభై ఒక్క మందికి ఈసీజీ. కొత్త టెక్నీషియన్ రహీమ్ వయసుల గురించి ఏదో చెప్పబోయాడు. కార్డులో ఉన్నదే రాయి అన్నాను. పిల్లాడికి మాటలెక్కువ. పని నేర్చుకుంటే బాగుపడతాడు."

ఆరు వాక్యాలు. ఉత్తరాన్ని చదివినట్టు దీన్ని కూడా అయిదుసార్లు చదివాను.

నాకు తెలుసు. జూన్ ఒకటిన పుట్టిన క్లాసులో కూర్చొని చదువుకున్నదాన్ని, కార్డు మీది వయసు ఎట్లా పుడుతుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? సిరిసిల్లలో మా వాళ్లను మాత్రం ఊరికే వదల్లేదు. ఏ ఏడు పుట్టారు, ఎవరి పెళ్లప్పుడు పుట్టారు అని ఇల్లిల్లూ అడిగి రాసుకున్నాను. గుట్టల మీద అడగలేదు. దారి దూరం, ఎండ, తొందర. అన్నిటికంటే, వచ్చిన అంకె ముద్దుగా ఉంది. ముద్దొచ్చిన అంకెను ఎవరు గిల్లి చూస్తారు?

నా మీద నాకు అసహ్యం వేస్తోంది. రాయకుండా ఉండలేను కాబట్టి రాస్తున్నాను.

డిసెంబర్ 2

రహీమ్‌కు ఫోన్ చేశాను. "చెప్పావు" అన్నాను. "ఫికర్ చెయ్యకుండ్రి మేడం, ఎప్పుడు పోదాం?" అన్నాడు.

డిసెంబర్ 5. జైనూర్

పొద్దున ఆరింటికి బయల్దేరితే లస్మవ్వ ఊరు చేరేసరికి పదకొండయింది. పత్తి ఏరే రోజులు. ఊళ్లో ఆడవాళ్లు ఎవరూ లేరు, లస్మవ్వ తప్ప. వాకిట్లో మంచం వేసుకొని దిండుకు ఆనుకొని కూర్చుంది. పడుకుంటే ఊపిరి ఆడదట. కాళ్లు వాచి ఉన్నాయి. నన్ను చూడగానే మొహమంతా నవ్వు.

"ఏం బిడ్డా, శానా దినాలకు యాదికొచ్చిన్నా? నా పడుచు గుండె జర సతాయిస్తుందే."

రహీమ్ ఈసీజీ తీశాడు. స్టెతస్కోపు పెడితే గుండె నుంచి మెడ దాకా గరగరమని శబ్దం. కవాటం మూసుకుపోతోందని చెప్పడానికి ఎకో కూడా అక్కర్లేదు. 2019లో ఒక్కసారి చెవి పెట్టి ఉంటే అప్పుడే వినిపించేది. ఆరోజు ఆమె గుండె వినలేదు. ఆమె అంకె చూశాను, చాలనుకున్నాను.

తర్వాత, పన్నెండేళ్ల కింద అడగాల్సింది అడిగాను.

"లస్మవ్వా, నీ పెద్దకొడుకు కైలాసం ఎప్పుడు పుట్టిండు?"

"బడి కట్టినప్పుడు. నేను గా బడికి ఇటుకలు మోసిన. వాడు కడుపుల ఉన్నడు. బడి తలుపులు తెరిచినంక వారం దినాలకు పుట్టిండు."

బడి ఎదురుగానే ఉంది. గోడలో తాపిన రాయి మీద 1982 అని చెక్కి ఉంది. పన్నెండేళ్లుగా మేము జీపు నిలిపేది ఆ గోడ పక్కనే.

"మరి పెండ్లెప్పుడైంది?"

"పెద్దమనిషైన ఏడే చేసిండ్రు. మూడేండ్లకు గీ పోరడు."

పద్నాలుగో పదిహేనో, దానికి మూడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను, చిన్నపిల్లలాగా. 1964.

"లస్మవ్వా, నీకు కార్డుల ఉన్నట్టు డెబ్బై మూడు లేవు. అరవై" అన్నాను.

ఆయాసపడుతూనే పకపకా నవ్వింది. "గట్లయితె ఇంక పిల్లనే గదనే నేను! ఓ రహీమూ, నన్ను అప్పుడే ముసల్దాన్ని జేసినవారా?" రహీమ్ తల వంచుకొని వైర్లు చుడుతున్నాడు. ఆమె నా దిక్కు తిరిగింది. "నీకెన్నేండ్లు బిడ్డా?"

యాభై ఎనిమిది అనబోయాను. నలభై ఏళ్ల అలవాటు.

"అరవై."

లస్మవ్వ నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి తీసుకొని తన చేతి పక్కన పెట్టుకొని రెండూ చూసింది. నా చేతికి వాచీ, ఆమె చేతికి పత్తికాయలు గీసిన గీతలు.

"ఇద్దరం ఒక్క ఏడోళ్లమా! మరి నువ్వు నన్ను అవ్వ అనుడేంది, నేను నిన్ను బిడ్డ అనుడేంది?"

కైలాసాన్ని చేను నుంచి పిలిపించి, మధ్యాహ్నమే ఆమెను జీపు ఎక్కించాం.

డిసెంబర్ 7. కరీంనగర్

గుండె డాక్టర్ తన్వీర్ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నాడు. నా పాఠం ఒక్కటీ మరిచిపోలేదు, అదే ఇప్పుడు నా తంటా. ఎకో చేశాడు. కవాటం మూడొంతులు మూసుకుపోయింది. మార్చాలి, ఛాతీ తెరిచి మార్చాలి. మార్చకపోతే ఏడాది బతకడం కష్టం.

"చెయ్యి మరి" అన్నాను.

"మేడం, తప్పుగ అనుకోకుండ్రి. కాగితాల డెబ్బై మూడు ఉన్నది. బక్కమనిషి, గుండె బలం గూడ తగ్గింది. గీ వయసుల ఛాతీ తెరిస్తె టేబుల్ మీదనే పోవచ్చు. మా ఆపరేషన్ల కమిటీ ఒప్పుకోదు. మందుల మీద నడిపిద్దాం."

"ఆమెకు అరవై. కొడుకు పుట్టిన సంవత్సరం పట్టుకొని లెక్కేశాను."

తన్వీర్ చాలా ఇబ్బంది పడ్డాడు. తన బల్ల సొరుగులోంచి మా రిపోర్టు తీశాడు. అట్ట మీద లస్మవ్వ నవ్వుతోంది. కింద అచ్చులో ఉంది: 'అరవై ఒక్క ఏళ్ల పడుచు గుండె.' 2012.

"అరవై ఏండ్లే అయితే నేను రేపే ముందటవడత మేడం. గని కమిటీ ముందు ఏం పెట్టాలె? వాళ్లందరు మీ పేపర్ చదివినోళ్లే. మీ పేపర్ ఒకటి చెప్తుంది, మీరు ఒకటి చెప్తున్నరు. రెంట్ల ఏదో ఒకటి తప్పని మీరే రాసియ్యాలె."

డిసెంబర్ 8, ఆదివారం

ఫిబ్రవరి తర్వాత రాసిస్తే? రెండు నెలలు మందుల మీద ఉంటుంది కదా.

డిసెంబర్ 9

ఈ ఒక్కరి వయసు మాత్రమే తప్పు పడిందని రాస్తే? ఒక్క కార్డులో తప్పు ఎవరికైనా దొర్లుతుంది. వ్యాసం జోలికి పోనక్కర్లేదు. పొద్దున్నే కూర్చొని రాశాను కూడా. చాలా చక్కగా కుదిరింది. ఆ కాగితం పక్కనే భవ్యశ్రీ ఇచ్చిన రెండో పేజీ బోర్లా పెట్టి ఉంది. కదిలించలేదు.

డిసెంబర్ 11

ఇంటి అన్నం తీసుకొని ఆసుపత్రికి వెళ్తుంటే అవ్వ కూడా వస్తానన్నది. నాలుగు మంచాల అవతల ఉండగానే లస్మవ్వను చూసి ఆగిపోయింది.

"ముసలామె అంటివి? గీమె నీ ఈడుదే గద."

"ఎట్లా తెలిసింది?"

"సూస్తె తెలుస్తలేదా? కష్టంల ముదిరింది. వయసుల గాదు. మీ బాపు గూడ పోయేనాడు గిట్లనే ఉండె. శవాన్ని సూడచ్చినోళ్లు, పోనీ తియ్యి పెద్దమనిషి, అన్నరు. నలభై మూడేండ్ల మనిషిని."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ మాట నాకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పలేదని రాయడానికి ఇప్పుడు భయమేస్తోంది. చెప్పిందేమో. నేను వినలేదేమో.

నా ఢిల్లీ స్వెట్టర్ సంచిలోంచి తీసి లస్మవ్వకు తొడిగింది. నన్ను అడగలేదు.

డిసెంబర్ 12

రెండో పేజీ తిప్పాను. పదకొండు పేర్లు. ఎనభై ఎనిమిది మందిలో ఈ పన్నెండేళ్లలో చనిపోయినవాళ్లు. ఎదురుగా కారణం గడిలో, ఏటేటా నేనే సంతకం పెట్టిన మాట, పదకొండుసార్లు: వృద్ధాప్యం. భవ్యశ్రీ పక్కన పెన్సిల్‌తో అసలు వయసులు రాసింది. యాభై ఒకటి. నలభై తొమ్మిది. యాభై నాలుగు. యాదవ్వ అనే ఆమెకు నలభై ఆరు.

పోనీ తియ్యి, పెద్దమనుషులు.

మొన్నటి ఉత్తరం చించేశాను. కొత్తది చేత్తో రాశాను:

"లస్మవ్వ వయసు అరవై. 2012 నుంచి మా అధ్యయనంలోనూ, నేను అచ్చువేసిన వ్యాసంలోనూ జైనూర్ ఊళ్ల వయసులన్నీ గుర్తింపు కార్డుల నుంచి తీసుకున్నవి. అవి మనుషుల మొహాలు చూసి వేసిన అంకెలు. ఆ ఊళ్లవారి గుండె వయసు కంటే పడుచుదన్న నా నిర్ధారణ తప్పు. వయసులు తప్పని మొదటి నెలలోనే నా సహాయకుడు రహీమ్ నాకు చెప్పాడు. నేను వినలేదు. నర్మద."

ఒక కాపీ తన్వీర్‌కు. లస్మవ్వ పేరు, ఊళ్ల పేరు తీసేసి ఒకటి వ్యాసం వేసిన పత్రికకు. అలాంటిదే ఒకటి ఢిల్లీకి. బాపు మీద ప్రమాణం చేసి మొదలుపెట్టిన పని ఇది. ఇరవై నిమిషాల్లో నేనే పాతిపెట్టాను. పోస్టాఫీసు మెట్లు దిగి, అక్కడే నిలబడి ఏడ్చాను. ఎవరో ఆమె వచ్చి నీళ్ల సీసా ఇచ్చి పోయింది.

డిసెంబర్ 17

డైరెక్టర్ గారు ఫోన్‌లో ముప్పావుగంట మాట్లాడారు. సంస్థ పరువు. అందరి కష్టం. ఫిబ్రవరి దాకా ఆగలేకపోయారా అని మూడుసార్లు అడిగారు. తప్పు నాదే సార్ అని నేనూ మూడుసార్లు అన్నాను.

డిసెంబర్ 20

ఢిల్లీ నుంచి రెండో ఉత్తరం. మొదటిదానికంటే బాగా చిన్నది. అవ్వకు చదివి వినిపించాను. "పోనియ్యి. స్వెట్టర్ గూడ లేకపాయె" అన్నది.

డిసెంబర్ 24

కమిటీ ఒప్పుకుంది. జనవరి ఒకటిన ఆపరేషన్.

జనవరి 1, బుధవారం

ఆ ఊళ్లలో అయిదువందల డెబ్బై ఒక్క మంది పుట్టినరోజు. పొద్దున రహీమ్ ఆ మాట అంటే ఇద్దరం నవ్వాం, తర్వాత ఇద్దరమూ నవ్వనట్టే ఊరుకున్నాం.

లస్మవ్వను లోపలికి తీసుకుపోయే ముందు నర్సమ్మ అట్ట పట్టుకొని వచ్చింది. పేరు, ఊరు, ఏ ఆపరేషన్, అన్నీ రోగి నోటితోనే చెప్పించాలట. లస్మవ్వ అన్నీ చెప్పింది. చివరికి వయసు అడిగారు.

"గామెనడుగు" అని నా దిక్కు వేలు చూపించింది. "ఇద్దరం ఒక్క ఏడోళ్లం."

నర్సమ్మ నా రంగేసిన జుట్టు చూసింది, లస్మవ్వ తెల్ల జుట్టు చూసింది. పరాచికం అనుకుంది. "అమ్మా, కార్డుల ఉన్నదే రాస్తం మేము" అన్నది.

నా మాట నా చెవిలోనే పడింది.

"కార్డు తప్పు. అరవై రాయండి. నా సంతకం లోపల ఫైలులో ఉంది" అన్నాను. ఫైలు తెప్పించి చూసేదాకా అక్కడి నుంచి కదలలేదు. ఆమె రాసింది. లస్మవ్వను లోపలికి తీసుకుపోయారు.

అయిదు గంటలు. కైలాసం, రహీమ్, నేను ఒకే బెంచీ మీద. కైలాసం ఒక్కసారే నోరు తెరిచాడు. "మేడం, ముందుగాల తెలిస్తె అవ్వను ముందే తోల్కచ్చెటోళ్లం గదా" అన్నాడు. అందులో కోపం లేదు. ఉంటే బాగుండును.

మూడింటికి తన్వీర్ బయటికి వచ్చాడు. గుండె కొట్టుకుంటోందన్నాడు. రెండు రోజులు గడిస్తే గానీ చెప్పలేనన్నాడు.

జనవరి 2

కళ్లు తెరవలేదు.

జనవరి 3

పదిన్నరకు లోపలికి పిలిచారు. గొట్టం తీసేశారు. ముక్కుకు ఆక్సిజన్, కాళ్ల మీద అవ్వ ఎర్ర స్వెట్టర్. నేను పక్కన నిలబడి అలవాటు కొద్దీ "అవ్వా" అనబోయి ఆగాను. ఏమని పిలవాలో తెలియలేదు.

తనే కళ్లు తెరిచింది. గొంతు బొంగురుపోయి మాట సగమే వచ్చింది.

"ఏమే నర్మదా. తిన్నవానే?"

పన్నెండేళ్లలో ఆమె నా పేరు పెట్టి పిలవడం ఇదే మొదటిసారి. నా పేరు ఆమెకు తెలుసని కూడా నాకు తెలియదు. తిన్నానే అన్నాను. తినలేదు.

సాయంత్రం రహీమ్ జీపులో డీజిల్ పోయించుకొని వచ్చాడు. లస్మవ్వ కాక బతికి ఉన్న డెబ్బై ఆరు మందికీ ఈసీజీ మళ్లీ తీయాలి. భవ్యశ్రీ కూడా వస్తోంది. దానికంటే ముందు రేపు ఆ చనిపోయిన పదకొండు మంది ఇళ్లకు పోవాలి. ఏం చెప్పాలో రాసుకుందామని కూర్చుంటే ఒక్క వాక్యం కూడా కుదరలేదు. ఆ ఇళ్లలో నన్ను ఏమని పిలుస్తారో తెలియదు.